తెలుగు సినిమా కోసమని మీరు అమ్మిన స్క్రీన్‌రైటింగ్ గైడ్ గురించి ఫిర్యాదు

తణుకు,
18 జూన్ 2025.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ప్రకటనకూ పుస్తకానికీ పొంతన లేకపోవడం, కాపీరైట్ గురించి తప్పు సలహా, డబ్బు వాపసు.

నమస్కారం.

నేను తణుకు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారిని. మే 2న మీ వెబ్‌సైట్‌లో మీ స్క్రీన్‌రైటింగ్ గైడ్ నాలుగు కాపీలు కొన్నాను. ఒక్కోటి 650 రూపాయలు, మొత్తం 2,600. ఆ డబ్బు నాది కాదు. నా దగ్గర పదో తరగతి చదువుకుని ఇప్పుడు డిగ్రీలో ఉన్న నలుగురు పిల్లలు తలా కొంచెం కూడబెట్టుకున్నది. షార్ట్ ఫిలిం తీయాలని వాళ్ల ఆశ. ఏ పుస్తకం కొనమంటారని నన్నడిగారు. ఇంగ్లీషులో మంచివే ఉన్నాయిగానీ, ఇద్దరికి ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోవడం కష్టం. మీ ప్రకటనలో "తెలుగు సినిమాకు తగ్గట్టు, తెలుగులోనే, మొదటిసారి రాసేవాళ్ల కోసం" అని ఉంది. అది చూసి, ఇదే కొనుక్కోండని చెప్పింది నేనే. అందుకే ఈ ఉత్తరం కూడా నేనే రాయాలి.

పిల్లలకి మే నెలంతా పరీక్షలు. పుస్తకం తెరిచింది ఆఖరి వారంలో. మొదట నా దగ్గరికి వచ్చిన అమ్మాయి 31వ పేజీ చూపించి, "మాస్టారూ, వంటగది అంతర్గతం అంటే ఏంటండీ?" అని అడిగింది. అక్కడ సీన్ హెడింగ్ (సీన్ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో చెప్పే మొదటి లైను) ఎలా రాయాలో చెబుతూ "అంతర్గత. వంటగది – రోజు" అని అచ్చు వేశారు. ఇంగ్లీషు మాటని మిషన్‌కి ఇస్తే వచ్చే తెలుగు ఇది. ఇక్కడ షూటింగ్‌లో ఎవరూ అలా అనరు. ఇంటీరియర్, డే అంటారు. అచ్చ తెలుగులోనే కావాలంటే "వంటగది లోపల, పగలు" అంటే సరిపోతుంది. తర్వాత నేనే కూర్చుని పుస్తకం మొత్తం చదివాను. కథలోని ప్లాట్ గురించి చెబుతూ "మీ స్థలం బలంగా ఉండాలి" అన్నారు. బీట్లని, అంటే సీన్‌లో కథ ముందుకు కదిలే చిన్న చిన్న ఘట్టాలని, "దెబ్బలు" అన్నారు. క్యారెక్టర్ ఆర్క్, అంటే కథలో పాత్ర మారుతూ వచ్చే తీరు, "పాత్ర విల్లు" అయింది. సీన్ షూట్ చేసే ముందు అనాల్సిన చోట "దృశ్యాన్ని కాల్చే ముందు" అని ఉంది. తెలుగు చదవగలిగిన మనిషి ఒక్కరైనా ఈ పేజీలు అచ్చుకి వెళ్లే ముందు చూశారా? అట్ట మీద రచయిత పేరు లేదు, అనువాదకుడి పేరు లేదు. "నిపుణుల బృందం" అని మాత్రం ఉంది.

మాటలు తప్పైతే దిద్దుకుని చదువుకోవచ్చని మీరనొచ్చు. ఆ అమ్మాయి నోటు పుస్తకంలో ఏం జరిగిందో చెబుతాను.

వాళ్లమ్మ టిఫిన్ బండి నడుపుతుంది. ఆ బండి మీదే కథ రాసుకుంది. మీ పుస్తకం రాకముందు రాసిన మొదటి సీన్ ఇలా ఉంది: "అమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసింది. ఆవిరికి కళ్లజోడు మసకబారింది. తుడుచుకోకుండానే వేళ్లతో తడిమి ఇడ్లీలు లెక్కపెట్టింది." మూడు వాక్యాల్లో ఆ తల్లి ఎన్నేళ్లుగా ఆ పని చేస్తోందో తెలిసిపోతుంది. కెమెరా పెట్టి తీయడమే తరువాయి. మీ 58వ పేజీలో, సీన్ మొదలుపెట్టే ముందు పాత్ర "అంతర్గత లోపం" ఒక వాక్యంలో రాయాలనీ, అది లేని సీన్ పనికిరాదనీ ఉంది. ఆ పిల్ల ఈ మూడు వాక్యాల మీద అడ్డంగా గీత గీసి, కింద "తల్లి, 45, ఒంటరితనంతో బాధపడుతోంది, ఆత్మవిశ్వాసం లేదు" అని రాసుకొచ్చింది. పెన్ను గట్టిగా నొక్కి గీసింది, వెనక పేజీకి కూడా అచ్చు దిగింది. నేను పక్కన కూర్చుని కొట్టేసినదాన్ని మళ్లీ రాయించాను. ఇంట్లో ఒంటరిగా ఈ పుస్తకం చదువుకునే పిల్లలకి ఎవరున్నారు?

ఇక "తెలుగు సినిమాకు తగ్గట్టు" అన్న మాట. పుస్తకం మొత్తంలో ఇంటర్వెల్ అన్న పదం ఒక్కసారి కూడా లేదు. మన సినిమాకి కథ కూర్చునేదే ఇంటర్వెల్ చుట్టూ. ఫస్టాఫ్ ఎక్కడ ఆపాలి, జనం టీ తాగి మళ్లీ ఏ ప్రశ్నతో లోపలికి రావాలి, సెకండాఫ్ ల్యాగ్ అవకుండా ఏం దాచుకోవాలి అని రచయితలు నెలల తరబడి కొట్టుకునేది దాని గురించే. మీరు ఇచ్చింది 30 పేజీలు, 60 పేజీలు, 30 పేజీలు అనే మూడు అంకాల లెక్క. 1979లో స్క్రిప్టు రాయడం మీద అమెరికా రచయిత సిడ్ ఫీల్డ్ పుస్తకం వచ్చాక హాలీవుడ్‌లో బాగా ప్రచారమైన పద్ధతి అది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు, పిల్లలు అదీ నేర్చుకోవాలి. కానీ ఇది అక్కడి పద్ధతి, ఇక్కడికి ఇలా మార్చుకోవాలి అని ఒక్క పేరా అయినా ఉండాలి కదా. పేజీకి ఒక నిమిషం అన్న సూత్రాన్నీ అలాగే దించేశారు. కొరియర్ ఫాంట్, 12 పాయింట్, ఫలానా మార్జిన్లు అనుకుని ఇంగ్లీషు స్క్రిప్టులకి వేసుకున్న ఉజ్జాయింపు లెక్క అది. కొరియర్‌లో తెలుగు అక్షరాలే లేవు. మా కుర్రాడొకడు చేత్తో 14 పేజీలు రాసి, 14 నిమిషాల సినిమా అయిందనుకుని మురిసిపోయాడు. నేను గడియారం పెట్టి చదివిస్తే 23 నిమిషాలు పట్టింది.

మన దగ్గర కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమ పక్క యాక్షన్, కుడి పక్క డైలాగ్ రాసే పద్ధతి ఒకటి ఉంది. దాని ఊసు లేదు. వన్‌లైన్ ఆర్డర్ (సీన్ల వరుస, సీన్‌కో లైను), ట్రీట్‌మెంట్ (కథని సీన్లవారీగా వివరంగా రాయడం), డైలాగ్ వెర్షన్ (మాటలతో సహా స్క్రిప్టు), నేరేషన్ ఇవ్వడం (కథని నోటితో వినిపించడం), పాటకి సందర్భం ఎలా రాసివ్వాలి, ఏదీ లేదు. ఉదాహరణలన్నీ విదేశీ సినిమాలవే. 1957లో కె.వి.రెడ్డి గారు తీసిన మాయాబజార్‌లో పాండవులు తెర మీద కనిపించరు. క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు, ఇంటికెళ్లి మళ్లీ చూసి వస్తారు. ఏది చూపించకుండా వదిలేయాలో నేర్పడానికి ఇంత దగ్గరి ఉదాహరణని పక్కనపెట్టి, పిల్లలు పేరు కూడా వినని సినిమాల సీన్లు ఇచ్చారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది 112వ పేజీ. మీ ఐడియాని కాగితం మీద రాసి, మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని, కవరు విప్పకుండా దాచుకుంటే ఆ ఐడియా చట్టప్రకారం మీదే అవుతుందని రాశారు. ఇది తప్పు. ఐడియాకి కాపీరైట్ ఉండదనీ, దాన్ని రాసిన తీరుకే ఉంటుందనీ తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారని ఆర్.జి.ఆనంద్ వేసిన కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రాసిన స్క్రిప్టుకి రాయడంతోనే హక్కు వస్తుంది. రిజిస్టర్ చేసుకుంటే కోర్టులో ఆధారంగా పనికొస్తుంది, దానికి కాపీరైట్ ఆఫీసు ఉంది. పోస్టు కవరు వల్ల కొత్తగా వచ్చే హక్కేమీ లేదు. మా పిల్లల్లో ఒకడు మీ మాట నమ్మి 45 రూపాయలు పెట్టి కవరు పంపుకున్నాడు. ఇక భయం లేదని, హైదరాబాద్‌లో పరిచయమైన ఒకాయనకి ఫోన్‌లో కథ మొత్తం చెప్పేశాడు. కాగితం మీద ఒక్క సీన్ కూడా రాయలేదు. ఇప్పుడు వాడికి రాత్రుళ్లు టెన్షన్. ఏం చెప్పి ధైర్యం ఇవ్వాలో నాకూ తెలియడం లేదు.

జూన్ 3న మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఏడు రోజుల గడువు దాటిపోయింది, వాపసు కుదరదన్నారు. అదే రోజు మెయిల్ పంపాను. అందిందన్న జవాబు కూడా రాలేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. పైగా నేను అడుగుతున్నది పుస్తకం నచ్చలేదని కాదు. ప్రకటనలో చెప్పింది లోపల లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని తప్పుదోవ పట్టించే ప్రకటన అంటుంది.

నాలుగు కాపీల డబ్బు 2,600 తిరిగి ఇవ్వండి. పుస్తకాలు మీ ఖర్చుతో వెనక్కి తీసుకోండి. 112వ పేజీ తప్పని ఇప్పటిదాకా కొన్న వాళ్లందరికీ మెయిల్ పంపండి, ఇది డబ్బుకన్నా ముందు జరగాలి. "తెలుగు సినిమాకు తగ్గట్టు" అన్న మాట ప్రకటనలోంచి తీసేయండి. వెబ్‌సైట్‌లో అట్ట, విషయసూచిక మాత్రమే చూపిస్తున్నారు. లోపలి పేజీలు ఓ పది చూపించి, ఇది అనువాదమని, ఎవరు చేశారో పేరు వేసి చెప్పండి. ఆ పది పేజీలు ముందే చూసి ఉంటే నేను ఈ పుస్తకం కొనమనేవాణ్ని కాదు.

జూలై 3 వరకు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు.

బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, 31, 58, 112 పేజీల ఫోటోలు దీనితో జతచేశాను. ఆ అమ్మాయి అనుమతితో, గీత కొట్టేసిన నోటు పుస్తకం పేజీ ఫోటో కూడా పెట్టాను. దయచేసి దాన్ని మీ నిపుణుల బృందానికి చూపించండి.

ఇట్లు,
నాలుగు కాపీలు కొనిపించిన తెలుగు మాస్టారు