కరెంటు పోతే చాలా, లైన్ ఆపక్కర్లేదా?

సంపాదకులు గారికి,

మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, ఆ మర్నాడు మా వీధిలో చూసింది రాస్తున్నాను. కొబ్బరిచెట్టు ఒకటి 11 కేవీ (11 వేల వోల్టుల) తీగల మీద ఒరిగిపోయింది. మట్టల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. కాంట్రాక్టు కుర్రాడొకడు లుంగీ ఎగ్గట్టి, కాళ్లకు చెప్పుల్లేకుండా, కత్తి పట్టుకుని ఎక్కబోతున్నాడు. "రాత్రే కరెంటు పోయిందండీ, భయం లేదు" అన్నాడు.

కరెంటు పోవడం వేరు, లైన్ ఆపడం వేరు. పోయిన కరెంటు ఎప్పుడైనా తిరిగి రావచ్చు. పైగా మన డెల్టాలో ఇంకో తంటా ఉంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుందని చెరువుల దగ్గర జనరేటర్లు వేస్తారు (తప్పు కాదు, లక్షల సరుకు), కానీ జనరేటర్‌ని బయటి లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కెక్కి 11 వేల వోల్టులై, ఆగిందనుకున్న లైన్లోకే వస్తుంది. అందుకే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని, స్తంభం మీద లైన్‌ని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, టెస్టర్‌తో చూసి, పనిచేసే చోటుకి రెండు వైపులా ఎర్తింగ్ వేశాకే (అంటే తీగల్ని భూమికి కలిపాకే) చెట్టు మీద చెయ్యి వెయ్యాలి. అప్పుడు కూడా జాగ్రత్తే, బరువుకి బిగుసుకున్న తీగ చెట్టు కొయ్యగానే ఎగిరి కొడుతుంది.

ఆ రోజు లైన్‌మన్ వచ్చేదాకా కుర్రాణ్ణి మేమే ఆపాం, ఊళ్లో వాళ్లేమో కరెంటు ఆలస్యమవుతోందని మమ్మల్ని తిట్టారు. లైన్‌మన్ లేకుండా చెట్టు కొట్టేవాళ్లను పంపొద్దని అధికారులు గట్టిగా చెప్పాలి.

– ఒక కొబ్బరి రైతు, కోనసీమ