వెంటూ కొండకు నన్ను పంపినవాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఫ్రాన్స్ నుంచి వచ్చినప్పటి నుంచీ ఫోన్లు, మెసేజీలు. అందరూ అడిగేది ఒక్కటే, వెంటూ కొండ సైకిలు మీద "పైదాకా ఎక్కావా?" అని. ఎక్కలేదు. షాలే రెనార్ అనే చోటిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. అక్కడి నుంచి శిఖరం ఇంకో ఆరు కిలోమీటర్లు. ఈ మాట చెప్పగానే అవతలివాళ్ళ గొంతు తగ్గిపోతోంది, "పర్లేదులే, మళ్ళీ వెళ్దువుగానీ" అంటున్నారు. ఓదార్పులు వద్దండీ, నేను బాధపడటం లేదు. నిరుడు దాకా సైకిలంటే కాలేజీకి తొక్కుకెళ్ళిన లేడీబర్డ్ తప్ప మరోటి తెలియని లెక్కల లెక్చరర్ని. పేరున్న రేసు రైడర్లు కూడా భయంభయంగా చెప్పుకునే దారిలో పదిహేను కిలోమీటర్లు కాలు కింద పెట్టకుండా ఎక్కానంటే, దాని వెనక చాలామంది ఉన్నారు. వాళ్ళ గురించే ఈ పోస్టు.

సైకిల్ రేసులు చూడనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. మోన్ వెంటూ దక్షిణ ఫ్రాన్స్‌లో, ప్రొవాన్స్ ప్రాంతంలో ఒంటరిగా నిలబడ్డ కొండ. ఎత్తు 1,909 మీటర్లు. హిమాలయాలు చూసొచ్చిన మనకి ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ బెదువాన్ అనే ఊళ్ళో మొదలుపెడితే, 21 కిలోమీటర్ల పైచిలుకు దారిలో దాదాపు 1,600 మీటర్లు పైకి పోవాలి. ఆ ఊరు సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తులో ఉంది. మన హైదరాబాద్ 540. అంటే మనకంటే పల్లంలో బయల్దేరాలన్నమాట! టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసు ఈ కొండ ఎక్కడం 1951లో మొదలైంది. 1967 జులై 13న టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ రైడర్ శిఖరం కనుచూపు మేరలో ఉండగా ఎండ, అలసట, ఒంట్లోని ఉత్తేజక మందులు అన్నీ కలిసి కుప్పకూలి ప్రాణం విడిచాడు. మా చెల్లెలి కాపురం అవిన్యోన్‌లో. వేసవి సెలవులకి రమ్మని పిలిచినప్పుడు, "వచ్చేటప్పుడు సైకిలు తెచ్చుకో అక్కా, ఇక్కడో కొండుంది" అని నవ్వుతూ అంది. నవ్వులాటకే అంది పాపం.

మొట్టమొదటి దండం మూసాపేటలో మా మెకానిక్ భాయ్‌కి. ఆయన హైదరాబాద్ దాటి పోయింది తక్కువ. ఫోన్‌లో ఆ కొండ గ్రేడియెంట్ బొమ్మ చూపిస్తే, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకుని, "అక్కా, నీ బండికున్నది రేసోళ్ల కాసెట్. గండిపేట రోడ్డుకైతే మస్తుంటది. దీనికి నడ్వది" అన్నాడు. కాసెట్ అంటే వెనక చక్రానికుండే పళ్ళచక్రాల గుత్తి. నా బండికి ముందు చిన్న పళ్ళచక్రం 34 పళ్ళు, వెనక కాసెట్‌లో పెద్దది 28. బండిని స్టాండుకి వేలాడదీసి, వెనక టైరు మీద చాక్‌పీస్‌తో గీత గీసి, పెడల్‌ని చేత్తో ఒక్క చుట్టు తిప్పాడు. టైరు ఒక చుట్టు తిరిగి, ఇంకో అయిదో వంతు ముందుకుపోయి ఆగింది. తర్వాత పక్కన పెట్టుకున్న వేరే బండికి 34 పళ్ళ కాసెట్ ఉంటే, దాని టైరు మీదా గీత గీసి తిప్పాడు. గీత ఎక్కడ బయల్దేరిందో సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. "గా అయిదో వంతే నీ మోకాళ్లను తింటది" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా నిష్పత్తులు చెబుతున్నదాన్ని, ఇంత బాగా ఎన్నడూ చెప్పలేదు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. నేనూ బండీ కలిపి 75 కిలోలు. తొమ్మిది శాతం ఎత్తులో (అంటే వంద మీటర్లు ముందుకెళ్తే తొమ్మిది మీటర్లు పైకి) గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోవాలంటే ఒక్క గురుత్వాకర్షణకే సుమారు 138 వాట్లు కట్టాలి. ఆ వేగంలో 28 పళ్ళతో నిమిషానికి 49 సార్లు పెడల్ తిరుగుతుంది, 34తో 60 సార్లు. శక్తి అంతే, కానీ ప్రతి తొక్కుకీ పడే భారం తగ్గుతుంది. గంటన్నర పైన తొక్కేటప్పుడు మోకాలికి తెలిసేది ఆ తేడానే. గేర్లు మార్చే వెనక డిరైలర్‌కి చెయిన్ పట్టే కేజ్ పొట్టిది కాబట్టి 34 పట్టదన్నాడు భాయ్. పొడుగుది వాడినదే ఒకటి వెతికి తెచ్చి, చెయిన్ కూడా పొడుగుది వేసి, దిగేటప్పుడు పనికొస్తాయని బ్రేక్ ప్యాడ్లు కొత్తవి బిగించి, సామాన్ల డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. ఇంకో చోట ఒకాయన, కార్బన్ ఫ్రేమ్ కొనకుండా ఆ కొండ పేరెత్తొద్దన్నాడు. కిలోన్నర తగ్గించుకోవడానికి లక్షన్నర! మొత్తం బరువులో రెండు శాతం. కొత్తగా సైకిలు మొదలుపెట్టే ఆడవాళ్ళకి నా మాట ఒక్కటే: ముందు కాసెట్ మార్చండి, ఫ్రేమ్ సంగతి తర్వాత.

రెండో దండం మా ఆదివారం సైకిల్ గుంపులోని పెద్దాయనకి. బీహెచ్ఈఎల్‌లో రిటైరై, 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) పూర్తి చేసిన మనిషి. నాకు మోకాలి కింద నొప్పి వస్తోందంటే మందులేవీ చెప్పలేదు. గోడ పట్టుకుని సీటెక్కమన్నారు. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పమన్నారు. కాలు నిటారుగా రాకుండా మోకాలు ఇంకా వంగే ఉంది. సీటు కొంచెం పైకి లేపారు, మళ్ళీ చూశారు, ఇంకొంచెం లేపారు. నొప్పి పోయింది. ఇంత చిన్న పనికి నేనెన్ని ఆయింట్‌మెంట్లు రాసుకున్నానో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

హైదరాబాద్‌లో కొండెక్కడం ప్రాక్టీసు చేయడమంటే చిక్కే. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులన్నీ గుండె కొట్టుకోవడం మొదలయ్యేలోపు అయిపోతాయి, మధ్యలో సిగ్నల్. అందుకని ఆయన నన్ను ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ మీదికి తీసుకెళ్ళారు. 23 కిలోమీటర్ల ట్రాక్, పైన సోలార్ పలకల నీడ, ట్రాఫిక్ గోల లేదు. అక్కడ ఎదురుగాలి ఉన్న వైపు ఆపకుండా, ఒకే జోరులో తొక్కించేవారు. పక్కనే తొక్కుతూ, "ఏమ్మా లెక్కల టీచరూ, పదమూడో ఎక్కం చెప్పు" అనేవారు. ఎక్కం మధ్యలో తెగితే జోరు ఎక్కువైనట్టు, గేరు తగ్గించాలి. పాట పాడగలిగితే బద్ధకిస్తున్నట్టు, పెంచాలి. గుండె వేగం చూపించే పట్టీలు నా దగ్గరా ఉన్నాయి, కానీ పదమూడో ఎక్కం అంత నిక్కచ్చిగా ఏదీ చెప్పదు. ఎత్తు కోసం వికారాబాద్ అనంతగిరి ఘాట్‌కి వెళ్ళేవాళ్ళం. చిన్న ఘాటే కాబట్టి ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. పొద్దున్నే అయిదింటికి కారులో నీళ్ళ క్యాన్లు వేసుకుని మా వెనక వచ్చిన గుంపులోని అక్కకీ, నిద్రమొహంతో ఆ కారు నడిపిన బావగారికీ వేరే థాంక్స్.

ఇంట్లోవాళ్ళ గురించి ఎక్కువ రాస్తే తిడతారు. అయినా అత్తయ్య సంగతి చెప్పి తీరాలి. మొదట్లో "ఈ వయసులో ఇదేం పిచ్చే" అన్నది ఆవిడే. చివరికి జెర్సీ వెనక జేబులో పట్టేలా పల్లీపట్టిని వేలెడంత ముక్కలుగా కోసి, ఒక్కోటీ బటర్ పేపర్లో చుట్టి, అరగంటకొకటి తినమని లెక్క చెప్పి పంపిందీ ఆవిడే. సెలవు మంజూరు చేసిన మా ప్రిన్సిపాల్ గారికి, ఆదివారాలు వంటింటి బాధ్యత తీసుకున్న మా ఆయనకి ధన్యవాదాలు. (ఉప్మా తప్ప మరోటి చేయలేదనుకోండి.)

ఇక కొండ సంగతి. బెదువాన్ నుంచి మొదటి అయిదారు కిలోమీటర్లు ద్రాక్షతోటలు, చెర్రీ తోటల మధ్య హాయిగా ఉంటుంది. అక్కడ అందరూ నన్ను దాటిపోతుంటే పెద్దాయన మాట గుర్తుచేసుకున్నాను: "పోనీ, పోయేవాళ్ళని పోనీ." సెయింట్ ఎస్టేవ్ దగ్గర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపు దాటాక అడవి, తొమ్మిది పది శాతం ఎత్తు, అలా తొమ్మిది కిలోమీటర్ల పైన. మన ఘాట్ రోడ్లలోలాగా మెలిక మెలికకీ కాస్త చదునుండి ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ప్రతి కిలోమీటరుకీ ఒక రాయి, దాని మీద రాబోయే కిలోమీటరు సగటు ఎత్తు ఎంత శాతమో రాసి ఉంటుంది. ఆ అంకెలు చూడటం కాసేపటికే మానేశాను. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవై ఆరు... అక్కడి చెట్లకి కూడా ఎక్కం వచ్చేసుంటుంది.

చెట్లు అయిపోయేసరికి షాలే రెనార్. అక్కడి నుంచి పైకి చెట్టూ చేమా లేదు, అంతా తెల్ల సున్నపురాయి బోడిగుట్ట. అంతవరకూ అడవి అడ్డుపడిన గాలి ఒక్కసారిగా మీద పడింది. మిస్త్రాల్ అంటారు, ఉత్తరం నుంచి వచ్చే గాలి. ఆ బోడి భాగంలో దాన్ని ఆపేదేదీ లేదు. గోడకి ఆనించిన సైకిళ్ళు పడిపోతున్నాయి. పైనుంచి ఇద్దరు బండ్లు నడిపించుకుంటూ దిగుతున్నారు. మా మరిది కారులో వెనకే వచ్చి ఆగాడు. "వదినా, 2016లో టూర్ డి ఫ్రాన్స్ వాళ్ళే గాలికి భయపడి ఫినిష్ లైన్ కిందికి దించి ఇక్కడే పెట్టారు. నీకేమైనా తక్కువా?" అన్నాడు. నిజమే, ఆ ఏడాది శిఖరం మీద గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటుతుండటంతో జులై 14 నాటి స్టేజీని (ఆ రోజు రేసును) ఆరు కిలోమీటర్లు తగ్గించి ఇక్కడే ముగించారు. అయినా నాకు మనసొప్పలేదు. కాళ్ళలో సత్తువ ఉంది, పల్లీపట్టి ఉంది.

అప్పుడొచ్చాడు ఆ పెద్దమనిషి. డెబ్భై దాటి ఉంటాయి, పాత స్టీలు సైకిలు, ఎండకి కమిలిన మొహం. నాకు ఫ్రెంచ్ రాదు, మరిది చెప్పాడు. పైన మలుపు తిరిగాక గాలి పక్క నుంచి కొడుతుందట, తేలికపాటి మనుషుల్ని బండితో సహా జరిపేస్తుందట. "కొండ రేపూ ఇక్కడే ఉంటుందని చెప్పు మీ వదినకి" అన్నాడట. అన్నాక ఊరుకోలేదు. కేఫ్ లోపలికెళ్ళి నిన్నటి న్యూస్‌పేపర్ తెచ్చాడు. మధ్య పేజీలు నాలుగు మడతలు వేసి, జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకుని జిప్ వేసుకోమని సైగ చేశాడు. చెమటతో తడిసి, చలిగాలిలో దిగేటప్పుడు ఛాతీకి చలి కొట్టకుండా పాతకాలం రైడర్లు అలాగే చేసేవారట. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని చదువుకున్నాం గానీ, దిగుతున్నప్పుడు తెలుస్తుంది ఆ చలి. కాగితం కరకరలాడుతూనే ఉంది, లోపల మాత్రం వెచ్చగా ఉంది.

ఆయన అక్కడితో వదల్లేదు. సెయింట్ ఎస్టేవ్ దాకా నా ముందు నెమ్మదిగా దిగాడు. ఎక్కడ బ్రేక్ వేయాలో ఎడమ చెయ్యి కిందికి చాపి చూపించేవాడు, ఎక్కడ వదిలేయాలో పైకి ఊపేవాడు. బ్రేకులు పట్టుకునే కూర్చుంటే రిమ్ములు కాలిపోతాయి, గట్టిగా పట్టి వదిలేయాలని భాయ్ చెప్పిందీ అదే. మా వెనక మరిది హజార్డ్ లైట్లు వేసుకుని కారు. ఆ ఊరేగింపు మీరు చూడాల్సింది. కింద సెయింట్ ఎస్టేవ్‌లో టీ తాగిపొమ్మన్నా ఆగలేదు. పేరు కూడా అడగనివ్వలేదు, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

పెద్దాయనా, మీరిచ్చిన గుంపు టోపీ సంగతి మీరు అడగలేదు కానీ నేనే చెప్తున్నాను. పైన సింప్సన్ స్మారకం దగ్గర రైడర్లు బాటిళ్ళు, టోపీలు పెట్టిపోతారని మీరు నాతో పంపారు. నేను అంతదూరం వెళ్ళలేదు కాబట్టి దాన్ని మా చెల్లెలికి ఇచ్చాను. గాలిలేని రోజు కారులో వెళ్ళి పెడతానంది. ఫోటో పంపితే గుంపులో పెడతాను.

ఇంకో విషయం. సైకిలు తీసుకెళ్ళడానికి పెట్టె అప్పుగా ఇచ్చిన మియాపూర్ తమ్ముడికి: దాని క్లిప్పు ఒకటి విమానాల్లో మారేటప్పుడు ఎక్కడో విరిగింది. భాయ్ దగ్గర ఇచ్చాను, కొత్తది వేసి ఇస్తానన్నాడు. ఆదివారం గండిపేట దగ్గర తెచ్చిస్తాను. ఆ రోజు అందరి టిఫిన్ ఖర్చు నాది. అత్తయ్య పల్లీపట్టి కూడా తెస్తున్నాను, ఎవరికెన్ని కావాలో ముందే చెప్పండి.