మూడు వేళ్లా, నాలుగు వేళ్లా?

ఒరేయ్ పుర్రచేతీ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? కవరు మీద నా రాత చూసి ఏ బ్యాంకు నోటీసో వచ్చిందని కంగారు పడి ఉంటావు. ఏం లేదు, అంతా బాగానే ఉన్నాం. ఇరవై ఏళ్లుగా బ్యాంకు కౌంటర్లో సంతకాలు, అంకెలు తప్ప ఇంకేమీ రాయలేదేమో, ఈ పేజీ సగానికైనా రాకముందే ఉంగరంవేలు సలుపుతోంది. రాస్తే ఉంగరంవేలు నొప్పెట్టడమేంట్రా అంటావా? ఆ వేలి గురించే ఈ ఉత్తరం.

పోయిన శనివారం మా చిన్నదాని స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. అది రెండో తరగతి. లెక్కలు బాగా చేస్తుంది, పద్యాలు అప్పజెబుతుంది అని అన్నీ మెచ్చుకుని, చివర్లో వాళ్ల టీచరు "కానీ సార్, పెన్సిల్ గ్రిప్ రాంగ్" అంది. నోటుబుక్కు చూశాను. రాత ముత్యాల్లా కాకపోయినా శుభ్రంగానే ఉంది. ‘ఖ’ మాత్రం కాస్త బొద్దుగా ఉంది. అదే అన్నాను. "రాత కాదు సార్, చెయ్యి చూడండి" అని దాన్ని పిలిచి నా ముందే నాలుగు మాటలు రాయించింది.

చూసి నోట మాట రాలేదురా. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలూ మధ్యవేలూ జంటగా పైన, కింద ఉంగరంవేలి మీద పెన్సిల్ తీరిగ్గా పడుకుని ఉంది. అచ్చం నాలాగే! నేనెప్పుడూ దానికి నేర్పలేదు. అసలు దాని ఎదురుగా కూర్చుని నేను రాసిందెప్పుడు? ఇంట్లో ఉంటే ఫోన్లో నొక్కుడే కదా. ముక్కు వాళ్ల అమ్మది, పంతం వాళ్ల నాయనమ్మది వచ్చాయి, ఆస్తిలో నా వాటా ఈ పట్టన్నమాట.

ఇంటికొచ్చాక నేను చేసిన పని చెబితే తిడతావు. దారిలోనే పెన్సిల్‌కి తొడిగే రబ్బరు గ్రిప్పులు కొన్నాను. సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని సర్దాను. రెండు లైన్లు రాసేలోపు ఆ నాలుగో వేలు పెళ్లి పందిట్లోకి పిలవని చుట్టంలా వచ్చి చేరేది. మళ్లీ సర్దాను. మళ్లీ వచ్చింది. మూడోసారికి బల్ల మీదున్న స్కేలు చేతిలోకి తీసుకున్నాను. కొట్టలేదురా, ఒట్టు. కానీ అది స్కేలు వంక చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. చూడు, అప్పుడు గుర్తొచ్చావు నువ్వు.

మన ఒకటో తరగతి గుర్తుందా? ఒకే బెంచీ మనిద్దరిదీ. నిన్ను ఎడమ చివరే కూర్చోబెట్టాలి, లేకపోతే నీ మోచెయ్యీ నా మోచెయ్యీ పొడుచుకునేవి. నీ ఎడమచెయ్యి వీపు వెనక పెట్టించి కుడిచేత్తో ‘అ ఆ’లు దిద్దించేవాళ్లు. నన్ను చెయ్యి బోర్లా పెట్టమని, స్కేలు నిలువుగా పట్టుకుని కణుపుల మీద. నీది తప్పు చెయ్యి, నాది తప్పు వేలు. ఆ మాస్టారు మనసు చెడ్డదని ఇప్పటికీ అనను, సెలవుల్లో కూడా పిలిచి ఊరికే చదువు చెప్పిన మనిషి. కానీ చలికాలం పొద్దున్నే ఆ దెబ్బ ఎలా ఉండేదో నాకూ తెలుసు, నీకూ తెలుసు. అంత తెలిసీ ముప్పై ఎనిమిదేళ్ల తరవాత స్కేలు నా చేతిలోకే వచ్చింది.

నా నాలుగో వేలికి ఇన్నాళ్లూ ఒక కారణం చెప్పుకునేవాణ్ని. మా ఇంట్లో కొత్త బలపం అక్కకి, అది అరిగి గోరంత అయ్యాక నాకు. పలకేమో నీ మార్కాపురం పలకలా నున్నగా ఉండేది కాదు, బొగ్గూ దొండాకూ వేసి ఎంత రుద్దినా గరుకే. ఆ ముక్కతో ఆ పలక మీద నొక్కి రాయాలంటే మూడు వేళ్ల బలం చాలక నాలుగోది సాయానికి వచ్చిందని నా సిద్ధాంతం. మా పిన్ని కూతురు పిల్లలకి రాయడం లాంటి రోజువారీ పనులు అలవాటు చేసే ఆక్యుపేషనల్ థెరపిస్టు కదా, ఆ రాత్రే దానికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అది పడీపడీ నవ్వింది. "అన్నయ్యా, ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. గుప్పిట్లో పట్టుకోవడానికి చోటుండదు కాబట్టి వేళ్ల కొసలతోనే పట్టుకోవాలి. మేం పిల్లలకి క్రేయాన్లు విరిచి మరీ ఇస్తాం" అంది. ఇన్నేళ్లుగా అక్క మీద వేసిన నింద కాస్తా పోయింది. అక్కకి ఇంకా చెప్పలేదు, చెప్పను కూడా.

చెల్లెల్ని ఫోన్లోనే ఓ గంట కూర్చోబెట్టి అడిగానులే. పిల్లల చెయ్యి ఎలా దిగుతూ వస్తుందో చెప్పింది. ఏడాది పిల్లాడు పెన్సిల్‌ని రోకలిలా పిడికిట్లో పట్టుకుంటాడు, గీత భుజంలోంచి వస్తుంది. రెండు మూడేళ్లకి అరచెయ్యి కిందికి తిరుగుతుంది, వేళ్లు మొన వైపు చూస్తాయి, కదలిక మోచేతికి దిగుతుంది. నాలుగేళ్లప్పుడు వేళ్లతో పట్టుకుంటాడు గానీ కదిలేది మణికట్టే. అయిదారేళ్లకి గానీ వేళ్లు వాటంతట అవి చిన్నచిన్నగా కదిలి రాయడం రాదు. మణికట్టులో ఎనిమిది బుల్లి ఎముకలుంటాయట. పుట్టినప్పుడు అవి ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటే గట్టిపడుతూ వచ్చి, ఆఖరిది ఎముకయ్యేసరికి తొమ్మిది, పదేళ్లు దాటుతాయి. మనమేమో మూడేళ్లకే ఎల్‌కేజీలో వేసి నాలుగు గీతల పుస్తకం నింపమంటాం. విని సిగ్గేసింది.

మరి నాలుగు వేళ్ల సంగతేంటని అడిగాను. వాళ్ల లెక్కలో అదీ ఒక పట్టేనట, దానికో పేరు కూడా ఉంది. మూడు వేళ్లది, నాలుగు వేళ్లది, ఆ రెండింట్లోనే బొటనవేలు పెన్సిల్ మీదుగా అడ్డంగా వెళ్లి చూపుడువేలిని తాకేవి ఇంకో రెండు. మొత్తం నాలుగు రకాలు. 2012లో కెనడాలో నాలుగో తరగతి పిల్లలు 120 మంది చేత పది నిమిషాలు ఏకబిగిన రాయించి చూశారట. ఈ నాలుగింట్లో ఏది పట్టినా వేగంలో గానీ, రాత స్పష్టతలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. "పట్టు ఆకారం చూడకు అన్నయ్యా. రాస్తుంటే చెయ్యి నొప్పంటుందా, గోళ్లు తెల్లబడేంత బిగిస్తుందా, కాగితం చిరుగుతుందా, అది చూడు" అంది. చూశాను. ఏదీ లేదు. బిగించేదల్లా నేను పక్కన కూర్చున్నప్పుడే.

ఆ రోజునుంచీ కౌంటర్లో నాకు మనుషుల మొహాలు కనబడటం లేదురా, వేళ్లే కనబడుతున్నాయి. ఒక పెద్దాయన వస్తాడు, కౌలు రైతు. పెన్నుని నిటారుగా పట్టుకుని మిరప నారు నాటినట్టు ఒక్కో అక్షరం కాగితంలోకి దించుతాడు. ఆయన సంతకం చేసిన ఫారం తిరగేసి వేలితో తడిమితే పేరు చదవచ్చు. టైలరు ఒకాయన ఉన్నాడు, పెన్నుని సుద్దలా పడుకోబెట్టి పక్కకి లాగుతాడు. కంసాలాయన మొనకి ఆనేంత కిందికి పట్టుకుని, ఊపిరి బిగబట్టి సంతకం చేసి, అయ్యాక వదులుతాడు. డ్వాక్రా గ్రూపు లీడరు ఒకామె ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మరీ రాస్తుంది. ముప్పై అయిదేళ్లు వచ్చాక రాత్రి బడిలో నేర్చుకుందట. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మొదటికొస్తుంది. అందుకని ఆమె సంతకం చేసేంతసేపూ మా క్యూలో ఎవరూ మాట్లాడరు. మొన్న ఒక కుర్రాడు పెన్నుని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ సిగరెట్‌లా ఇరికించి టకటకా రాసి పారేశాడు. ఇదేం స్టైలురా బాబూ అనుకున్నాను. చెల్లినడిగితే అదీ మంచి పట్టేనంది. బొటనవేలి కీళ్లు నొప్పులున్నవాళ్లకి తామే అలా పట్టుకోమని చెబుతారట.

ఇంకోటి. మా ముత్తాతగారు కరణీకం చేసిన రోజుల ఘంటం మా నాన్న దగ్గరుంది, ఇనపది. దసరాకి పుస్తకాలతో పాటు పూజలో పెడతాడు. చిన్నప్పుడు చూడటమే గానీ దాంతో ఎలా రాసేవాళ్లో ఎప్పుడూ అడగలేదు. ఈ గొడవలో అడిగాను. నాన్న వాళ్ల తాత దగ్గర చూసినంత మేరకు చేసి చూపించాడు. తాటాకు బల్ల మీద పెట్టరురా! ఎడమచేతిలో పట్టుకుంటారు. ఘంటం కుడిచేతి పిడికిట్లో. ఎడమ బొటనవేలి గోటికి చిన్న గాడి కోసుకుని, ఘంటాన్ని అందులో ఆనించి, ఆ బొటనవేలితోనే నెడుతూ రాసేవాళ్లు. కుడిచెయ్యి పెద్దగా జరగదు, ఆకే ఎడమ పక్కకి జరుగుతూ ఉంటుంది. రాశాక ఏమీ కనబడదు, మసి పూసి తుడిస్తే గీతల్లో నల్లగా నిలుస్తుంది. ఆకు ఈనెల వెంట అడ్డగీత గీస్తే చీలిపోతుందని, మన అక్షరాలు గుండ్రంగా తిరిగింది అందుకేనని అంటారు. ఇప్పుడు చెప్పు. ఎల్‌కేజీలో తప్పని వేళ్లు విడదీసే ఆ పిడికిలితోనే కదరా మన కావ్యాలూ, శిస్తు లెక్కలూ తరాల తరబడి రాశారు? పైగా సగం పని నీ పుర్రచేతిది! ఈ ముక్క మన మాస్టారికి తెలిసుంటే నీ చెయ్యి వీపు వెనకనుంచి ముందుకి వచ్చేదేమో.

నేనూ నాన్నా బల్లెం పట్టినట్టు ఘంటం పట్టుకుని ఓ పాత తాటాకు విసనకర్ర మీద ప్రయత్నించాం. ‘శ్రీ’ రాద్దామనుకుంటే విసనకర్ర రెండు ముక్కలయింది. అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.

నీకు ఇంకో మాట చెప్పాలి. గాంధీగారు 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్తూ ఓడలో ‘హింద్ స్వరాజ్’ రాశాడు కదా. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో రాశాడట. 275 పేజీల్లో ఓ 40 పేజీలు ఎడమచేతివే. తన దస్తూరి బాగుండదని జీవితమంతా బాధపడ్డ మనిషి ఆయన. కోడిగీతల రాతని చూసి "నీ నుదుటిరాత కూడా ఇంతేరా" అని నిన్ను తిట్టినవాళ్లందర్నీ తలుచుకుంటే, ఆ 40 పేజీలు ఒకసారి వాళ్ల ముందు పెట్టాలనిపిస్తుంది.

నీ కొక్కెం చెయ్యి సంగతి కూడా నాకిప్పుడే అర్థమైంది. మణికట్టు వంచి చేతిని గీత పైనుంచి తిప్పుకొచ్చి రాసేవాడివి, దాన్ని చూసి ‘తేలు కొండి’ అని ఏడిపించేవాళ్లం. మన రాత ఎడమనుంచి కుడికి పోతుంది కాబట్టి రాసిన ప్రతి మాట మీదుగా నీ చెయ్యి వెళ్లాలి. రాసింది కనబడాలన్నా, సిరా చెరగకూడదన్నా అలా వంచడం ఒక దారి. అంత వంచినా సిరా పెన్ను చేతికొచ్చిన ఆరో తరగతిలో నీ అరచేతి అంచు ఎప్పుడూ నీలంగానే ఉండేది, చొక్కా జేబు పక్కన కూడా. పైగా మేం పాళీని లాగుతూ రాస్తే నువ్వు నెడుతూ రాయాలి, అది కాగితాన్ని గీరేది. మీ నాన్నగారు తన రాజమండ్రి రత్నం పెన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు, పాళీ ఒక చేతికి అలవాటు పడితే ఇంకో చెయ్యి పడితే పాడవుతుందని. మనం దొంగతనంగా తీసి రాసినందుకు నీకు పడ్డ దెబ్బల్లో సగం నావి, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇంతకీ మా చిన్నదాని విషయం. రబ్బరు గ్రిప్పులు డ్రాయర్లో పడేశాను, అది వాటిని తన బొమ్మకి టోపీలు చేసింది. టీచరుకి డైరీలో మర్యాదగా ఒక నోట్ రాశాను, చేతికి నొప్పీ గిప్పీ ఏమీ లేదు, అలాగే రాయనివ్వండి అని. ఆవిడేం జవాబివ్వలేదు. సోమవారం మళ్లీ "గ్రిప్" అని ఎర్ర సిరాతో రాసి పంపింది. రేపు ఇంటర్వెల్లో వెళ్లి కలవాలి. ఎదురుగా నా నాలుగు వేళ్లతో రాసి చూపిద్దామనుకుంటున్నాను గానీ, నా రాత చూస్తే కేసు ఓడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

ఉంగరంవేలి మీద కాయ మళ్లీ ఎర్రబడింది, ఇక ఆపుతాను. జవాబు వాట్సాప్‌లో పడేశావంటే చదవను. నువ్వే రాయి, ఎడమచేత్తోనే, సిరా పెన్నుతోనే. నీ తలకట్లు అందరివీ ఒక పక్కకి వాలితే నీవి ఇంకో పక్కకి వాలేవి, ఇప్పటికీ అంతేనా? చెరిగితే చెరగనీ, ఆ నీలం మరక లేకపోతే ఉత్తరం మీ అబ్బాయి చేత రాయించావనుకుంటాను.

నీ
నాలుగు వేళ్లవాడు