మూడో సంచిక ఉగాదికి: ఆలస్యానికి కారణం ఒక గుర్రపు తోక

చందాదారులకు, కొట్టుకు వచ్చి అడిగి వెళుతున్నవారికి నమస్కారం.

మన పందెం బొమ్మల కథ మూడో సంచిక అంతర్వేది కల్యాణం నాటికి మీ చేతికి రావాలి. రాలేదు. ఉగాదికి వస్తుంది. అచ్చయిన ప్రతులు కొట్టు వెనక గదిలో కట్టలు కట్టలుగా ఉన్న మాట నిజమే. వాటిని అమ్మను. సరుకు దాచుకుని లేదంటున్నాడని అమలాపురంలో ఇప్పటికే ఒకరిద్దరు అంటున్నారట, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తగా చేరినవారి కోసం కథ క్లుప్తంగా. కశ్యపుడి భార్యలు వినత, కద్రువ. పాలసముద్రంలో పుట్టిన ఉచ్చైశ్శ్రవమనే తెల్లగుర్రం తోక తెలుపేనని వినత, కాదు నలుపని కద్రువ పందెం వేసుకున్నారు. ఓడినవారు గెలిచినవారికి దాస్యం చెయ్యాలి. ఇది భారతం ఆదిపర్వంలోది, రాజమహేంద్రవరంలో నన్నయగారు తెలుగు చేసినది. మేము చేసిందల్లా ఆ గుర్రాన్ని రాత్రిపూట గోదావరి పాయల వెంట పరుగెత్తించి, ఈ ఇద్దరినీ రథాలెక్కించి వెనక తరమడం. గుర్రాన్ని అందుకుంటే గాని తోక రంగు తేలదు. సంచికకో పాయ. పాయకో మహర్షి తీర్పరి.

మూడో సంచిక వైనతేయ పాయ మీద. ఇది ప్రకటించగానే ఒక విశ్రాంత తెలుగు మాస్టారు ఉత్తరం రాశారు: గౌతమి, వసిష్ఠ, కౌశిక అంటే ఋషుల పేర్లు, వైనతేయం ఏ మహర్షిది, పైగా వైనతేయుడు వినత కొడుకు కదా, పందెం నాటికి ఇంకా పుట్టనేలేదు కదా అని. మాస్టారూ, మీరు కథ కీలకమే పట్టుకున్నారు. అది ఏ ఋషి పాయా కాదు కాబట్టే అక్కడ తీర్పరి లేడు. తీర్పరి లేడు కాబట్టే కద్రువ అక్కడ మోసం చేస్తుంది. ఇక పుట్టబోయే కొడుకు పేరు పాయకు ముందే ఎలా వచ్చిందన్నది నాలుగో సంచికలో చూసుకుందాం.

ఇప్పుడు అసలు సంగతి. పదిహేడో పేజీ నిండా ఒకటే బొమ్మ. వినత పక్క నుంచి చూస్తున్నాం. గుర్రం కుడివైపు దూసుకుపోతోంది, తోక తెల్లగా ఎగురుతోంది. వినత గెలిచింది. పేజీ తిప్పితే పద్దెనిమిదిలో అదే గుర్రం, అదే క్షణం, కద్రువ పక్క నుంచి. గుర్రం ఎడమవైపు పోతోంది, తోక కారునలుపు. వెంట్రుక వెంట్రుకకూ కద్రువ కొడుకైన ఒక పాము చుట్టుకుని ఉంది. ఒకే కాగితానికి అటూ ఇటూ ఉన్న బొమ్మలివి. డెక్కల నుంచి జూలు దాకా ఒక గీత వెనక ఇంకో గీత పడేలా మా చిత్రకారిణి ఎన్నిసార్లు చెరిపి గీసిందో నేను చూశాను. కాగితం తిప్పడమే గుర్రం చుట్టూ తిరిగి అవతలికి వెళ్లడం కావాలన్నది ఆ అమ్మాయి ఆలోచన. మూడు సంచికల్లోనూ నాకు అంతకన్నా నచ్చిన ఆలోచన లేదు.

ఇందుకోసమే వంద జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు వంద గ్రాముల బరువుండే, మ్యాప్‌లితో రకం అచ్చు కాగితం అడిగాం. కొటేషన్‌లో అదే ఉంది, ప్రూఫ్ అదే కాగితం మీద వచ్చింది, అడ్వాన్సు ఆ ధర మీదే ఇచ్చాం. అచ్చు వేసింది మాత్రం డెబ్బై జీఎస్‌ఎం మీద. చదరపు మీటరుకు ముప్పై గ్రాములు తగ్గింది. అక్షరాలు మాత్రమే ఉన్న పుస్తకానికైతే ఎవరూ గమనించకపోవచ్చు. ఇక్కడ పద్దెనిమిదో పేజీలోని సిరా పదిహేడులోకి తేలింది. తెల్లతోక మీద బూడిదరంగు పాములు. అటూ ఇటూ బొమ్మలు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి కాబట్టి పాములు తోక దాటి ఎక్కడా పక్కకు పోలేదు. కద్రువ మోసం వినత కన్నా ముందు పాఠకుడికి తెలిసిపోయింది.

ప్రెస్సు పేరు చెప్పను. మా నాన్నగారి కాలం నుంచి మాకు నోటుపుస్తకాల అట్టలు వేసినవారు. స్టాకు లేక ఉన్న కాగితం వాడామన్నారు, అది అర్థం చేసుకోగలను. ఒక ఫోను చేసి చెప్పలేదు. అదీ మింగేవాడినేమో. "బొమ్మల పుస్తకానికి ఇంత పట్టింపు ఎందుకండీ, చదివేది పిల్లలే కదా" అన్నారు. ఆ మాట దగ్గర లేచి వచ్చేశాను. మన చందాదారుల్లో మనవలున్నవారు ఎందరో నాకు తెలుసు.

తరువాత వారే ఒక దారి చెప్పారు. ముప్పై రెండు పేజీల పుస్తకం రెండు ఫారాలు. మన గుర్రం ఉన్న లోపలి ఫారం పదహారు పేజీలు మాత్రం మందపు కాగితం మీద మళ్లీ వేస్తారు, పిన్నులు తీసి మార్చి కుడతారు. నాకు సగం ఖర్చుతో పోతుంది, తీర్థానికీ అందుతుంది. నిద్ర పట్టనివ్వనిది ఈ సగం దారే. తెల్లకాగితాలు కత్తిరించి అలాంటి నమూనా ఒకటి కుట్టి మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆమె నేరుగా మధ్యకు తెరిచి, "ఇక్కడేముంది, ఇంత మందంగా ఉంది?" అని అడిగింది. బొమ్మ కన్నా ముందు వేళ్లే చాడీ చెబుతున్నాయి. ఆ దారి మూసుకుపోయింది.

ఒక మిత్రుడు ఇంకో మాట అన్నాడు: కద్రువ మోసం చేస్తుందని తెలుగువాళ్లందరికీ తెలిసిందే, దాచేదేముంది? న్యాయమైన ప్రశ్నే. అయితే మన కథలో కద్రువ మొదటి నుంచీ వినత కన్నా బాగా రథం తోలుతుంది. రెండో సంచికలో కౌశికకు అడ్డంగా ఆమె వేసిన మలుపు చూసి ఎంతమంది మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారో! గెలవగలిగిన మనిషి ఎందుకు మోసం చేసిందన్నదే ఈ సంచిక. తెలిసిన పాఠకుడు కూడా పదిహేడో పేజీ దాకా ఈసారి చెయ్యదేమోనని ఆశపడాలి. ఆ ఆశ మీద బూడిదరంగు మరక పడింది.

కాబట్టి మొత్తం మళ్లీ వేయిస్తున్నాను. విజయవాడలో వేరే ప్రెస్సు, కాగితం నేనే కొని ఇస్తున్నాను. పాత ప్రతులు తక్కువ ధరకు అడిగినవారున్నారు, బడికి ఉచితంగా అడిగినవారూ ఉన్నారు. ఉచితంగానైనా ఇవ్వను, కోపం తెచ్చుకోవద్దు. తూకానికి పోతాయి, అదీ మధ్యలో కోయించిన తరువాతే. ఆ గుర్రం మిరపకాయ బజ్జీల కింద కనబడితే నేను తట్టుకోలేను.

ఇదే సందులో ఒక డీలరు, ఎలాగూ మళ్లీ వేస్తున్నారు కదా, అట్ట మీద గరుత్మంతుణ్ణి వేయండి, ఆడవాళ్లిద్దరి బొమ్మ కన్నా రెట్టింపు పోతుంది అన్నారు. కథ ప్రకారం ఆయన ఇంకా గుడ్డులో ఉన్నాడండీ. గుడ్డు బొమ్మ వేయమంటే వేస్తాను. అంతర్వేది గుర్రాలక్కను పందెంలోకి దింపమని అడుగుతున్నవారికి కూడా ఇక్కడే జవాబు: పూజలందుకునే తల్లిని ఓడించే ధైర్యం నాకు లేదు, గెలిపిస్తే ఇక పందెమే ఉండదు.

చందాదారులు అదనంగా ఏమీ కట్టనక్కరలేదు, ఈ సంచికకు ధర పెరగదు. నాలుగో సంచికకు పెరుగుతుంది, ఎంతో లెక్క తేలాక చెబుతాను. రాజోలు వైపు కొద్ది ప్రతులు నాకు తెలిసేలోపే అమ్ముడయ్యాయి. అవి కొన్నవారు పాతది తిరిగి ఇవ్వనక్కరలేదు, కొన్న కొట్టులోనే కొత్తది తీసుకోండి. నరసాపురం, భీమవరం చందాదారులకు ఎప్పటిలాగే పోస్టులో వస్తుంది.

ఉగాది దాకా ఆగలేమనేవారికి ఈ సంచిక డబ్బు వెనక్కి ఇస్తాను, కారణం అడగను. కొట్టుకు రండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మూసి ఉంటుంది.