థాయ్‌లాండ్ బడుల్లో ఇంగ్లిష్ చెప్పబోయే మనవారికి

సంపాదకులు గారికి,
నమస్కారం.

విదేశాల్లో ఇంగ్లిష్ ఉపాధ్యాయ ఉద్యోగాల గురించి మీ చదువుల పేజీలో వచ్చే సమాచారాన్ని నేను శ్రద్ధగా చదువుతాను. ఏ పరీక్ష రాయాలో, ఏ సర్టిఫికెట్ కావాలో అందులో వివరంగానే ఉంటున్నాయి గానీ, తీరా అక్కడి తరగతి గదిలో నిలబడ్డాక ఏమవుతుందో, దానికి ఎలా సిద్ధపడాలో చెప్పే రాతలు నాకు కనిపించలేదు. పెరంబూరులోని ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్ళు ఇంగ్లిష్ చెప్పి, 2015 నుంచి నాలుగేళ్ళు ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేసి తిరిగివచ్చిన తెలుగు ఉపాధ్యాయినిగా, ఆ లోటు కొంతైనా తీరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్కడ విద్యాసంవత్సరం మే నెల మధ్యలో మొదలవుతుంది కనుక, వెళ్ళదలచినవారు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే తొందరపడి నిర్ణయాలు తీసుకుంటారు.

నేను బయలుదేరే ముందు చెన్నైలోని ఒక ఏజెంటు, మన ఉచ్చారణ వింటే అక్కడి పిల్లలు నవ్వుతారని భయపెట్టి, ఫీజు తీసుకుని ఆరు వారాలు అమెరికన్ యాస నేర్పించాడు. మొదటి నెలంతా ఆ అరువు గొంతుతోనే పాఠం చెప్పాను. తరగతిలో 45 మంది పిల్లలు చిరునవ్వుతో తల ఊపేవారు, ఒక్కరూ ప్రశ్న అడిగేవారు కాదు. అందరికీ అర్థమవుతోందనుకున్నాను. నెలాఖరున జవాబు పత్రాలు దిద్దుతుంటే సగానికి పైగా తెల్ల కాగితాలే వచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తోటి థాయ్ ఉపాధ్యాయిని మర్నాడు నాకు ‘క్రెంగ్ జై’ అనే మాట చెప్పారు. అర్థం కాలేదని నోరు తెరిచి అంటే గురువుగారు చిన్నబుచ్చుకుంటారేమోనన్న జంకుతో, ఎదుటివారికి ఇబ్బంది కలిగించకూడదన్న మర్యాదతో పిల్లలు మౌనంగా ఉండిపోతారట. మనం మొహమాటం అనేది దాదాపు ఇదే. ఆ మౌనాన్ని మందబుద్ధిగానో, నిర్లక్ష్యంగానో తీసుకుని కోప్పడిన విదేశీ ఉపాధ్యాయులను నేను చూశాను. వడ్డించింది చాలలేదని చెప్పలేక విస్తరి ముందు నుంచి లేచిపోయే మనుషుల మధ్య పెరిగిన మనకు అది తెలియకపోవడం ఏమిటని నా మీద నాకే బాధ కలిగింది. ఆ రోజు నుంచి తరగతిలో అందరినీ కలిపి ‘అర్థమైందా’ అని అడగడం మానేశాను. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరికొకరు చెప్పుకోమని, నేను పక్కన నిలబడి వినేదాన్ని.

అలా వినడంలోనే అసలు పని మొదలైంది. థాయ్ భాషలో మాట చివర స్, ల్ ధ్వనులు నిలవవు; మొదటిది ట్ లాగా, రెండవది న్ లాగా వినిపిస్తుంది. అందువల్ల పిల్లలు బస్‌ను ‘బట్’ అనీ, ఫుట్‌బాల్‌ను ‘ఫుట్‌బాన్’ అనీ పలుకుతారు. మనం అదే చివర ఒక అచ్చు చేర్చి బస్సు, కారు, రోడ్డు అంటాం. నా చిన్నతనంలో నేను ఎలా పలికేదాన్నో, దాన్ని ఎలా దిద్దుకున్నానో పలికి చూపించాక పిల్లల్లో బెరుకు పోయింది. థాయ్‌లో కాలాన్ని బట్టి క్రియ రూపం మారదు, బహువచనానికి ప్రత్యయం లేదు. కాబట్టి నిన్న జరిగిన సంగతిని వర్తమాన క్రియతో రాయడం వారికి ఎంతో సహజం. ఇంగ్లిష్‌ను కష్టపడి, ఒక్కొక్క మెట్టే ఎక్కి నేర్చుకున్నవారికి ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెంటనే తడుతుంది. చెన్నై తెలుగువారికి ఈ అనుభవం మరీ దగ్గరిది. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత, ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు బడిలో తమిళంతో ఎంత పెనుగులాడారో నేను ఉపాధ్యాయినిగా కళ్ళారా చూశాను.

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాలవారే కావాలనే ప్రకటనలు అక్కడ కొల్లలు. ఒకే బడిలో, ఒకే పనికి, పాస్‌పోర్టును బట్టి జీతం మారడం నేను అనుభవించాను. అది న్యాయం కాదని ఇప్పటికీ అంటాను. అయినా ఆ లోటును అరువు యాసతో పూడ్చుకోవచ్చని మన పిల్లలకు చెప్పేవారిని నమ్మవద్దని నా మనవి.

ఆ ఆరు వారాలు థాయ్ అక్షరాలు నేర్చుకోవడానికి పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ లిపి ఖ్మేర్ లిపి మీదుగా మన పక్కనున్న కాంచీపురం ఏలిన పల్లవుల లిపి నుంచి వచ్చినదే. ఉపాధ్యాయులను ‘ఖ్రూ’ అంటారు, అది మన గురువే. ‘ఫాసా’ మన భాష. విద్యాసంవత్సరం మొదట్లో ఒక గురువారం నాడు ‘వై ఖ్రూ’ అనే గురువందనం జరుగుతుంది. ఆ రోజు పిల్లలు మోకాళ్ళ మీద వచ్చి నా చేతిలో పెట్టిన పళ్ళెంలో గరిక, నూరువరహాల పూలు, వంకాయ పూలు ఉన్నాయి. గరిక ఓర్పుకు, సూదుల్లాంటి నూరువరహాల మొగ్గలు చురుకైన బుద్ధికి, తల వంచి పూసే వంకాయ పువ్వు వినయానికి గుర్తులట. వినాయక చవితికి గరిక కోసుకొచ్చే ఇంట పుట్టిన నాకు ఆ క్షణంలో మాట పెగలలేదు.

తిండి సంగతి ఎక్కువగా రాయను. శాకాహారులు ‘జే’ (మాంసం, చేప కలపని తిండి) అనే ఒక్క మాట నేర్చుకుంటే చాలావరకు గడుస్తుంది; కూరగాయల వేపుళ్ళలో కూడా చేపల సాస్ పోస్తారని గుర్తుంచుకోవాలి.

కాగితాల విషయంలో మాత్రం కఠినంగానే చెప్పాలి. ముందు పర్యాటకులుగా వెళ్ళండి, వీసా తరువాత మార్పిస్తామని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. ఉద్యోగానికి తగిన నాన్ ఇమిగ్రెంట్ బీ వీసా, విడిగా వర్క్ పర్మిట్, అక్కడి ఉపాధ్యాయ మండలి ‘ఖురుసపా’ అనుమతి చూసుకోవాలి; ఆపైన 90 రోజులకొకసారి ఇమిగ్రేషన్ కార్యాలయానికి చిరునామా తెలపాలి. థాయ్ ఉద్యోగం అని నమ్మి వెళ్ళి మయన్మార్‌లోని సైబర్ మోసాల శిబిరాల్లో చిక్కుకున్న భారతీయులను 2025 మార్చిలో థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సాట్ నుంచి విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటేనా అన్నది భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. థాయ్ కాన్సులేట్ చెన్నైలోనే ఉంది.

ఏటా ఫిబ్రవరిలో, అంటే ఒప్పందాల మీద సంతకాలు పడకముందే, ఇటువంటి ఉద్యోగాలు చేసి వచ్చినవారి అనుభవాలకు మీ చదువుల పేజీలో కొంత చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అలా రాయగలిగినవారు ఈ నగరంలో నాకు తెలిసి నలుగురైదుగురు ఉన్నారు. మీరు అడిగితే అందరం రాస్తాం.

భవదీయురాలు,
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయిని,
పెరంబూరు, చెన్నై.