ప్రొక్లెయినరు బొమ్మ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల ఫోను అలవాటు మీద ఈ మధ్య మీ పత్రికలో వరసగా లేఖలు వస్తున్నాయి. ఫోను లాగేసుకోండి అన్నదే అందరి మాటా. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, ఐదేళ్ళ వరకు రోజుకు గంట దాటనివ్వొద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెప్పింది. కాదనను. ఆ గంటలో ఏం చూపించాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అంగన్‌వాడీలో టీచరుగా చేసి దిగిపోయి, ఇప్పుడు ఇంట్లో మూడేళ్ళ కవలల్ని సాకుతున్న అమ్మమ్మని. ఆ ముక్క నేనే రాస్తాను.

ఒకడు మనవడు, ఒకతె మనవరాలు. పోయిన వేసవిలో కాలువలు కట్టేశాక మా ఇంటి ముందు పూడిక తీయడానికి ప్రొక్లెయినరు వచ్చింది. పిల్ల గట్టు మీంచి కదిలితే ఒట్టు. అన్నం కూడా అక్కడికే పట్టుకెళ్ళాను. పిల్లాడు ఆ రెండు రోజులూ నా ముగ్గుడబ్బా వదల్లేదు. మాఘంలో అంతర్వేది తీర్థానికి వెళితే, బొమ్మల కొట్టాయన మేం అడక్కుండానే పిల్ల చేతిలో వంటసామాను, పిల్లాడి చేతిలో ప్రొక్లెయినరు పెట్టాడు. ఇద్దరూ రాగం తీశారు. ఇంటికొచ్చేలోగా వాళ్ళే మార్చేసుకున్నారనుకోండి.

కార్టూన్లదీ ఆ కొట్టాయన లెక్కే. ఒకవైపు గులాబీరంగు రాకుమార్తెలు, ఇంకోవైపు కొట్లాటలు. నేను కేంద్రంలో చూసినంతలో ఆ వయసు పిల్లలకు కావలసింది బాతు, బండి, దాగుడుమూతలు, కిందపడి లేచేవాడు. ఇందులో ఆడేది, మగేది? 1996లో అమెరికాలో మొదలైన ‘బ్లూస్ క్లూస్’ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో ముఖ్యపాత్ర ఒక నీలిరంగు కుక్కపిల్ల. అది ఆడది. అందులో కుర్రాడు ఒక ప్రశ్న అడిగి, ఇంటి దగ్గర పిల్లలు జవాబు చెప్పేదాకా ఊరుకునేవాడు. ఒకే భాగాన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వేసేవారు. విసుగు మనకేగానీ పసివాళ్ళకు కాదని ఎరిగినవాళ్ళు చేసిన పని అది. గోరుముద్దల వేళ రోజూ అదే పాట పాడే మనకు ఇది వింతేం కాదు.

నిదానం కూడా ముఖ్యమే. 2011లో అక్కడే వెలువడిన ఒక పరిశోధనలో, బొమ్మలు చకచకా మారిపోయే కార్టూన్ని 9 నిమిషాలు చూసిన నాలుగేళ్ళ పిల్లలు, ఆ వెంటనే బుద్ధి నిలిపి చేయాల్సిన పనుల్లో, బొమ్మలు గీసుకున్న పిల్లలకంటే వెనకబడ్డారు.

ఇక భాష. మొన్న మా మనవడు కంచం ముందు కూర్చుని, ‘నేను చాలా ఉత్సాహంగా ఉన్నాను అమ్మమ్మా’ అన్నాడు. పులస వండిన రోజు కూడా మా ఇంట్లో ఎవరం అలా మాట్లాడం, ఆయ్! డబ్బింగు తెలుగు అలా తగులుకుంది. చేలో కొంగని చూసి మనవరాలు పెంగ్విన్ అంది. మన హైదరాబాద్‌లో తయారై 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’ని పసివాళ్ళ కోసమే తీశారు. మాటలు లేవు కాబట్టి ఏ దేశం పిల్లలైనా చూడొచ్చు, మంచిదే. మాటలు నేర్చే వయసులో ఉన్న మా పిల్లలకు మాత్రం దాన్నుంచి తెలుగు రాదు. పైగా అక్కడా కథ మగపిల్లాడిదే.

సక్షమ్ అంగన్‌వాడీ పేరుతో కేంద్రాలకు ఎల్‌ఈడీ తెరలు ఇస్తున్నారు. వాటి మీద వేయడానికి పదేసి నిమిషాల తెలుగు కార్టూన్లు ఓ పన్నెండు చేయించమని మహిళా శిశు సంక్షేమ శాఖను కోరుతున్నాను. అవే మళ్ళీ మళ్ళీ వేసుకోవచ్చు. సరుక్కి మా లంకల్లో కరువు లేదు: ఏరు దాటించే పంటు ఎక్కనని మొరాయించే మేక, కొబ్బరిచెట్టు మీంచి ఊరంతా చూసే దింపు మావయ్య, గుర్రపుడెక్కలో ఇరుక్కున్న బాతు. టీచరు మధ్యలో ఆపి ‘బాతు ఎటెళ్ళిందర్రా?’ అని అడగడానికి కథలో జాగా వదలాలి. పిల్లల్ని తెరకు అప్పజెప్పి ఆమె రికార్డులు రాసుకునేలా ఉండకూడదు. ఆ రికార్డుల బరువు నాకు తెలుసు, అది ఇంకో లేఖ.

మొదటి కథ దేని మీద అంటే, మనవరాలు ప్రొక్లెయినరు అంటోంది, మనవడు బాతు అంటున్నాడు. గుర్రపుడెక్క తీయడానికి వచ్చిన ప్రొక్లెయినరు బాతుని ఒడ్డుకి చేర్చిందంటే ఇద్దరికీ సరిపోతుంది. దాన్ని నడిపేది అత్తయ్యని చేయమనండి.

– విశ్రాంత అంగన్‌వాడీ టీచరు, రాజోలు, కోనసీమ జిల్లా