డ్రాయింగ్‌లో ఒకే పెట్టె, లారీలో తొట్టి, మూత: బాక్స్ కల్వర్టుపై ఫిర్యాదు

ఆదోని,
ఆగస్టు 18.

మేనేజర్ గారికి,

అయ్యా,

ఆదోని శివార్లలో ఒక జిన్నింగ్ మిల్లు అప్రోచ్ రోడ్డు కోసం, వంక దాటడానికి మీ దగ్గర ప్రీకాస్ట్ బాక్స్ కల్వర్టు (ఫ్యాక్టరీలో ముందే పోసిన పెట్టె ఆకారపు కాంక్రీటు తూము) కొన్నాను. లోపల 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, ఒక్కొక్కటి 1.5 మీటర్ల పొడవున ఎనిమిది ముక్కలు. మిల్లు ఓనరు పైపులు చాలన్నారు. 2009 అక్టోబరులో కర్నూలు మునగడం కళ్లారా చూసినవాణ్ని, వెంటు (నీళ్లు పోయే దారి) తగ్గిస్తే మనసొప్పక ఆయన్ని ఒప్పించి మరీ బాక్సు పెట్టించాను. ఇప్పుడు ఆయనకు ఎదురుపడాలంటే మొహం చెల్లడం లేదు.

కొటేషన్‌తో మీరు పంపిన డ్రాయింగ్ నా టేబుల్ మీదే ఉంది. అందులో బాక్సు ఒకే పోత. గోడ బయటి వైపు కమ్మీలు పైదాకా వెళ్లి, మూల తిరిగి స్లాబులోకి వంగాయి. నాలుగు మూలల్లోనూ హాంచ్‌లు (మూలను మందం చేసే ఏటవాలు కాంక్రీటు), వాటిలో ఏటవాలు కమ్మీలు. ఆ మూలలు చూసే ఆర్డర్ ఇచ్చాను. మే నెలలో లారీ దించింది మాత్రం తొట్టి ఒకటి, మూత ఒకటి. ఇదేంటని అడిగితే, "ఒకే ముక్కయితే బరువు సార్, రెండూ ఒకటే" అన్నాడు మీ సైట్ ఇన్‌చార్జి. 200 మి.మీ. మందానికి లెక్కేస్తే ముక్క ఆరున్నర టన్నులు. దానికి ఆదోనిలో క్రేన్ దొరకదా? అయినా పని ఆగుతుందని సరేనన్నాను. ఆ తప్పు నాదే.

రెండూ ఒకటి కావు. మూల బిగిసి ఉన్న పెట్టెలో పైస్లాబు మీది భారం వల్ల వచ్చే వంపులో కొంత గోడలు పంచుకుంటాయి. ఒట్టి మూత గోడల మీద కూర్చుంటుంది, అంతే. ఒకే భారానికి, చివర్లు పూర్తిగా బిగిసిన స్లాబు నడుమ వచ్చే మొమెంటుకు (వంచే ప్రభావానికి), ఊరికే ఆనిన మూత నడుమ వచ్చేది మూడింతలు. అసలు పెట్టెలో మూలలు అంత గట్టిగా ఉండవు కాబట్టి తేడా కొంత తగ్గుతుంది, కానీ పోదు. మా దగ్గర కల్వర్టు పైన 1.2 మీటర్ల మట్టి ఉంది. లారీ ఎక్కకముందే చదరపు మీటరుకు రెండు టన్నులు పైచిలుకు. మీ మూతలో అడుగు కమ్మీలు డ్రాయింగ్‌లోని స్లాబుకు వేసినవేనా, పెంచారా? మూడుసార్లు ఫోన్‌లో అడిగాను. జవాబు లేదు.

జూలైలో మొదటి పెద్ద వాన తర్వాత నేనే టార్చ్ పట్టుకుని లోపలికి దూరాను. మూడో మూత అడుగున, నడిమధ్యలో, రోడ్డుకు అడ్డంగా ఈ గోడకూ ఆ గోడకూ సమానదూరంలో సన్నని పగులు. వేలు పెడితే తడి. గోడల మధ్య టేపు పెట్టాను. అడుగున 2000 మి.మీ., మూత కింద 1985. అంటే గోడలు పైన లోపలికి వాలాయి. మూత అంచుకూ గోడకూ మధ్య మీరు వదిలిన ఖాళీ మూసుకుపోయేదాకా వాలి, అక్కడ ఆగాయి.

ఎందుకు వాలాయో కూడా చెబుతాను. మూతకు నాలుగు రంధ్రాలు, వాటికి ఎదురుగా గోడ తల మీద గుంటలు ఉన్నాయి. వాటిలో కమ్మీ దింపి గ్రౌట్ (సందులు నింపే పలుచటి సిమెంటు మిశ్రమం) పోయాలి. వచ్చిన మీ బిగింపు టీమ్ దగ్గర కమ్మీలే లేవు. రంధ్రాల్లో సిమెంటు మాలు కూరి, పైన తాపీతో నున్నగా మెత్తి వెళ్లిపోయారు. నేను స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా రాలింది. ఆ కమ్మీలు వేసినా మూల పెట్టె మూల కాదు, ఒప్పుకుంటాను. కానీ మూత గోడలకు ఊతకర్రలా అయినా పనిచేసేది. పైన ఊతం ఉన్న గోడకూ, లేని గోడకూ పక్కమట్టి తోపుడు వల్ల అడుగు మూలలో వచ్చే మొమెంటు తేడా కనీసం రెండున్నర రెట్లు.

మీ ఇంజనీరు వచ్చి లోపల నిలబడి, "గోడలకు పగుళ్లేం లేవు, మూతది ష్రింకేజ్" అని రాసుకున్నారు, అంటే కాంక్రీటు ఆరి కుంచించుకుంటే వచ్చిన పగులట. మట్టి బయటినుంచి తోస్తుంటే గోడకు లాగుడు మట్టి వైపే కదా, పగులు లోపల ఎలా కనిపిస్తుంది? ఆయన వెళ్లాక ఒక పక్క మనుషులతో తవ్వించాను. అడుగు మూలకు జానెడు పైన, తొట్టి పొడవునా గీత పెట్టినట్టు పగులు ఉంది. ఫొటోలు జతచేశాను, పక్కన స్కేలు పెట్టే తీశాను.

నల్లరేగడి ఉబ్బింది, మా తప్పు లేదని మీ మెయిల్. నల్లరేగడి గురించి ఆదోనోళ్లకు చెప్పాలా? ఎండాకాలం నెర్రెల్లో చెయ్యి దూరే నేల ఇది. అందుకే ఆ మట్టి తీసేసి 600 మి.మీ. గ్రావెల్ పరిచి, పైన పీసీసీ (కమ్మీలు లేని కాంక్రీటు) వేసి, రెండు పక్కలా ఒకే ఎత్తున గ్రావెల్‌తోనే నింపాం. బిల్లులున్నాయి, రోలర్ తొక్కిన రోజుల వీడియోలున్నాయి.

నేను అడిగేది కొత్తగా ఏం లేదు. రెండు ముక్కలుగా పంపిన ఈ బాక్సుకు, 1.2 మీటర్ల మట్టికి, ఐఆర్‌సీ 6 (వంతెనల మీది భారాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం) ప్రకారం బండి భారానికి వేసిన డిజైన్ లెక్కలు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో పంపండి. అసలు లెక్కే వేయలేదంటే ఆ మాటే రాసివ్వండి. మూడో ముక్క మూత, తొట్టి రెండూ మార్చాలి. మిగతా ఏడింటినీ బయటి వైపు తవ్వి చూసి, పగిలినవి మార్చి, బాగున్నవాటికి కమ్మీలు, కుంచించుకోని గ్రౌట్ మీ ఖర్చుతో వేయాలి. అంతవరకూ ఆఖరి బిల్లు కట్టను. అక్టోబరు వస్తే పత్తి లారీలు మొదలవుతాయి. ఇప్పటికి ట్రాక్టర్లను మాత్రమే వదులుతున్నాం, రాత్రిపూట గొలుసు కడుతున్నాం.

తవ్విన గొయ్యి పూడ్చలేదు, పైన టార్పాలిన్ కప్పి ఉంచాను. ఈసారి మీ ఇంజనీరును ప్యాంటు మడుచుకుని గొయ్యిలోకి దిగే సిద్ధంతో రమ్మనండి. నిచ్చెన నేను తెస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్, సివిల్ కాంట్రాక్టర్